ఇంట్లో కారు కట్టుకోవచ్చా? ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఒక చిక్కుముడి

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే ఎవరికైనా ఈ ఆలోచన వస్తుంది. ఒక షెడ్డులో లారీకి బాడీ కడుతుంటారు. పక్క షెడ్డులో గేర్‌బాక్సు విప్పి గోనెపట్టా మీద పరిచి ఉంటుంది. ఎదురుగా లేత్ మీద షాఫ్టు తిరుగుతుంటుంది. రేకు సాపు చేసే టింకరింగ్ మేస్త్రీ, రంగు కొట్టే పెయింటరు, కమాన్ పట్టీలు సరిచేసేవాళ్లు, రేడియేటర్ అతికేవాళ్లు, వైరింగ్ చేసే కుర్రాళ్లు, అందరూ నడిచి వెళ్లే దూరంలోనే దొరుకుతారు. గుంటూరు ఆటోనగర్‌లోనూ ఇదే వరస. ఇన్ని చేతులున్న చోట ఒక మనిషి తన కారు తాను ఎందుకు కట్టుకోలేడు? ఇంగ్లండ్‌లో విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఇంటి గ్యారేజీలో కారు బిగించుకుంటున్నారు. మనకి ఎక్కడ అడ్డం పడుతోంది?

అడ్డం పడేది పనితనం దగ్గర కాదు, కాగితం దగ్గర. ఆ ముడి ఎలా పడిందో తెలిస్తే, దాని జోలికి పోకుండా మనం ఎంతవరకు వెళ్లొచ్చో కూడా తెలుస్తుంది. చాలా దూరమే వెళ్లొచ్చు.

కిట్ కారంటే పూర్తిగా తయారైన కారు కాదు. ఛాసిస్ ఫ్రేము, బాడీ ప్యానెళ్లు, సస్పెన్షన్ భాగాలు కంపెనీ పంపిస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్సు, ఇరుసు లాంటివి చాలాసార్లు ఏదో ఒక పాత కారు నుంచి తీసి కొన్నవాళ్లే బిగించుకుంటారు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన బండి లోటస్ సెవెన్. కోలిన్ చాప్‌మన్ 1957లో దాన్ని తీసుకొచ్చాడు. అప్పట్లో బ్రిటన్‌లో కొత్త కారు మీద కొనుగోలు పన్ను పడేది, కిట్ మీద పడేది కాదు. చేతిలో పానాలు, తీరిక ఉన్న మామూలు ఉద్యోగికి కూడా స్పోర్ట్స్ కారు అందుబాటులోకి రావడానికి ఆ తేడా చాలింది. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడు సెవెన్ హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్లాయి. పన్ను లాభం పోయినా కిట్ కార్లు మాత్రం పోలేదు.

అవి నిలబడటానికి పెద్ద ఆసరా అక్కడి రిజిస్ట్రేషన్ పద్ధతి. ఇంట్లో కట్టింది ఒక్క కారే అయినా సరే, ప్రభుత్వ తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. ఐవీఏ అనే ఆ పరీక్షలో బ్రేకులు, లైట్లు, స్టీరింగ్, పొగ చూస్తారు. మనుషులకి గుచ్చుకునే పదునైన అంచులు ఉన్నాయేమో కూడా చూస్తారు. పాసైతే నంబరు ఇస్తారు. బండి మూలం, వయసు తేల్చలేని సందర్భంలో క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. ఊరూ పేరూ తేలని బండికి కూడా అక్కడ చట్టంలో చోటుంది. మన దగ్గర లేనిది అదే.

ఫారం 22 ఎవరిస్తారు?

మన దేశంలో కారు రిజిస్ట్రేషన్ యజమాని దగ్గర కాదు, తయారీదారు దగ్గర మొదలవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది చెప్పేదేమిటంటే, ప్రతి మోడల్‌కీ ముందు ఒక నమూనా బండిని పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. దాన్నే టైప్ అప్రూవల్ అంటారు. ఆ తర్వాత బయటికొచ్చే ప్రతి బండికీ కంపెనీ ఫారం 22 ఇస్తుంది, అంటే ఇది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందన్న హామీ పత్రం. డీలరు ఫారం 21 మీద అమ్మకం పత్రం ఇస్తాడు. ఇవి చేతిలో ఉంటేనే ఫారం 20 దరఖాస్తు ఆర్టీఓ ఆఫీసులో కదులుతుంది.

మరి మీ షెడ్డులో కట్టిన కారుకి ఫారం 22 ఎవరిస్తారు? చట్టం దృష్టిలో మీరు తయారీదారు కాదు. అవుదామన్నా, ఒకే ఒక్క కారు కోసం బ్రేకుల దగ్గర్నుంచి పొగ వరకు పరీక్షలన్నీ చేయించాలి. వేల కార్లు అమ్మే కంపెనీ ఆ ఖర్చు కార్లన్నిటి మీదా పంచుకుంటుంది. ఒక కుటుంబం ఒక కారు మీద భరించాలంటే జరిగే పని కాదు. చట్టం ఇంటి కారుని పేరు పెట్టి నిషేధించలేదు, కానీ దానికి తలుపూ పెట్టలేదు.

ఇక్కడ ఆటోనగర్ మనుషులు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. మేం రోజూ లారీ బాడీలు కడుతున్నాం, అవి రిజిస్టర్ కావడం లేదా? అవుతున్నాయి. ఎందుకంటే లారీ కంపెనీ నుంచి ఛాసిస్‌గా వచ్చినప్పుడే ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్, ఛాసిస్ నంబరు అన్నీ ఆమోదంతో వస్తాయి. బాడీ బిల్డరు పైన కట్టి, ఫారం 22ఏలో తన వంతు ధ్రువీకరణ ఇస్తాడు. బస్సు బాడీకైతే ఏఐఎస్ 052 అనే ప్రమాణం పాటించాలి. అంటే ఆ బండి కంపెనీలో పుట్టింది, ఆటోనగర్‌లో పెరిగింది. కిట్ కారుకి పెంచే చేతులున్నాయి గానీ పుట్టిన సర్టిఫికెట్ లేదు. మొత్తం తేడా ఇంతే.

పోనీ పాత కారు ఒకటి తీసుకుని, దాని ఆర్సీ అలాగే ఉంచి, పైన కొత్త బాడీ వేసుకుంటేనో? చాలామందికి తట్టే ఉపాయం ఇదే, చాలామంది ఇరుక్కునేదీ ఇక్కడే. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఈ మాటని గట్టిగా నిలబెట్టింది. రంగు మార్చుకోవడం, అనుమతి తీసుకుని ఇంజిన్ మార్చడం, ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్ పెట్టించడం లాంటివాటికి దారి ఉంది. ఛాసిస్, బాడీ నిర్మాణం మార్చడానికి లేదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పుకి యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

జరిమానా కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది ఇన్సూరెన్స్. చెప్పకుండా బాడీ మార్చిన కారు ప్రమాదంలో పడితే క్లెయిమ్ దగ్గర గొడవ మొదలవుతుంది. అవతలి మనిషికి దెబ్బలు తగిలిన కేసైతే ఆ భారం ఇంటి మీదే పడే పరిస్థితి రావచ్చు. సరదా కోసం మొదలుపెట్టిన పని ఇల్లు తాకట్టు పెట్టే దాకా వెళ్లకూడదు.

మన దేశంలో ఈ దారిలో ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. మహారాష్ట్రలో చింకారా మోటార్స్ ఫైబర్ బాడీతో, ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్‌తో రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని స్పోర్ట్స్ కారు చేసింది. హర్యానాలోని మండీ డబ్వాలీ పాత భాగాలు, కొత్త రేకు కలిపి జీపులు కట్టడానికి పేరున్న ఊరు. అలాంటి బండి ఎవరైనా అమ్ముతానంటే రంగు, టైర్లు చూసి మురిసిపోకండి. ఆర్సీలో ఏ మోడల్ అని ఉందో, ఏ ఏడాదిదో, ఎదురుగా ఉన్నది అదేనో కాదో చూడండి. ఆర్సీ ఒక బండిది, ఇనుము ఇంకో బండిదైతే అది మీకొద్దు.

మిగిలిన దారి సన్నదేం కాదు

కారుని మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు వరకు సొంత చేతులతో బిగించాలన్నదే మీ కోరికైతే, దానికి చట్టబద్ధమైన దారి పాత కారుని కంపెనీ ఇచ్చిన రూపానికే తిరిగి తీసుకురావడం. కిట్ కారులో ఉండే ఆనందంలో ముప్పాతిక వంతు ఇందులో ఉందని నా నమ్మకం. ఇంకా చెప్పాలంటే, కిట్‌లో కొత్త బోల్టులు వస్తాయి, ఇక్కడ ముప్ఫై ఏళ్ల తుప్పుతో మాట్లాడి ఒప్పించాలి. నేర్చుకునేది ఇక్కడే ఎక్కువ.

ఏ కారు తీసుకోవాలన్నది అభిరుచి మాత్రమే కాదు, నిర్మాణం కూడా. మహీంద్రా జీపుకి కింద నిచ్చెన ఆకారంలో విడి ఛాసిస్ ఉంటుంది. బాడీ బోల్టులు విప్పి నలుగురు పట్టుకుంటే పైకి లేస్తుంది, ఛాసిస్ విడిగా గీకి రంగు వేసుకోవచ్చు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 అలా కాదు. వాటికి బాడీయే ఛాసిస్. అడుగు రేకు, పక్క సిల్లులు (తలుపుల కింద ఉండే రేకు దూలాలు) పుచ్చిపోతే బలం పోయినట్టే. వాటిని కోసేటప్పుడు లోపల బ్రేసింగ్, అంటే ఆసరా కడ్డీలు పెట్టకపోతే బాడీ వాలిపోయి తలుపులు పట్టవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి జీపు సులువు. అంబాసిడర్ మీద మనసున్నవాళ్లు, ఆ మనసుతో పాటు మంచి టింకరింగ్ మేస్త్రీని కూడా సంపాదించుకోవాలి. 1983 చివర్లో మొదలైన మారుతి 800 2014 దాకా తయారైంది కాబట్టి సామాను ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది.

50 ఏళ్లు దాటిన బండైతే ఇంకో వెసులుబాటుంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. షరతు మళ్లీ అదే: ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. పైగా ఆ బండిలో రోజూ ఆఫీసుకి వెళ్లడానికి లేదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకి బయటికి తీయొచ్చు.

ఈ దారి మొత్తం నిలబడేది ఒక చిన్న రేకు ముక్క మీద. పాత బండి పనిలో ఆర్టీఓ ఆఫీసు అడిగేవాటిలో ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ ఒకటి. నంబరు చెక్కిన చోట తెల్ల కాగితం పెట్టి, మెత్తటి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అంకెలు కాగితం మీదికి వస్తాయి. కొందరు పెన్సిల్ పొడి రాసి సెలోటేప్‌తో లాగి దరఖాస్తు మీద అతికిస్తారు. పాత బండికి ఆ అంకెల మీద నాలుగు పొరల రంగు, దాని కింద తుప్పు ఉంటాయి. తొందరలో గ్రైండర్ డిస్క్ ఒక్కసారి ఆనిందంటే మూడో ఎనిమిదో తెలియకుండా పోతుంది. ఆ తర్వాత అది దొంగబండి కాదని నిరూపించుకోవడం మీ పని. అందుకే ఆ చోటుని పెయింట్ రిమూవర్‌తో, ఇత్తడి బ్రష్‌తో మాత్రమే శుభ్రం చేయాలి. స్పష్టమైన ఫొటో తీసుకోవాలి, పలచగా ప్రైమర్ వేసి, పని పూర్తయ్యేదాకా మాస్కింగ్ టేప్ వేసి ఉంచాలి. పెయింటర్‌కి కూడా ముందే చూపించాలి. నంబరు గుంటల్లో పుట్టీ నింపేసే చేతులు చాలా ఉన్నాయి.

ముందు నేల, తర్వాత కారు

చాలామంది కారు కొని తెచ్చి, తర్వాత చోటు వెతుకుతారు. వరస తిరగేయాలి. మొదటి ప్రాజెక్టు గ్యారేజీయే.

అపార్టుమెంట్ సెల్లార్‌ని ఈ పనికి ఆలోచించొద్దు. అది అందరి చోటు, పైన అందరి ప్రాణాలు. పెట్రోలు, వెల్డింగ్ నిప్పు ఉన్న పని అక్కడ తప్పు. సొంత ఇంటి పక్క జాగా, పెరడు, ఊరి చివర ప్లాటు అయితే నయం. అంబాసిడర్ సుమారు 4.3 మీటర్ల పొడవుంటుంది. దాని చుట్టూ మనిషి వంగి పనిచేయాలంటే 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కనీసం కావాలి. విప్పిన సామాను పెట్టుకోవడానికి ఇంకో గోడ పొడవునా అరలు కావాలి. విప్పిన కారు బిగించిన కారు కన్నా ఎంతో ఎక్కువ చోటు తింటుంది.

ఇక నేల. గుంటూరు చుట్టుపక్కల, విజయవాడలో చాలా చోట్ల నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని బీటలిస్తుంది. దాని మీద నేరుగా సిమెంటు పోస్తే రెండు వానాకాలాలకి నేల పగులుతుంది. మామూలు గదికి అది చూపు బాగోలేకపోవడం, గ్యారేజీకి ప్రాణగండం. కారు నాలుగు జాక్ స్టాండ్ల మీద ఉన్నప్పుడు టన్నుకి పైగా బరువు నాలుగు చిన్న పాదాల మీద పడుతుంది. కింద బోలుగా ఉన్న చోట స్టాండు పాదం దిగబడిందంటే స్టాండు వాలుతుంది, కారు జారుతుంది, ఆ సమయంలో మనిషి దాని కిందే ఉంటాడు. కాబట్టి పై నల్లమట్టి తీసేయించి, గ్రావెల్ పొరలు పొరలుగా వేసి తడిపి రోలర్‌తో దిమ్మిస కొట్టించి, దాని మీద ఇనుప జాలీతో కనీసం 5, 6 అంగుళాల కాంక్రీటు వేయించండి. మామూలుగా దొరికే పీపీసీ సిమెంటు అయితే 10 రోజులైనా తడపాలి. టైల్స్ వేయొద్దు, స్టాండు కింద పగులుతాయి, ఆయిల్ పడితే జారుతాయి.

కారు కింద దూరాలంటే జాకీని ఎప్పుడూ నమ్మకూడదు. జాకీ ఎత్తడానికి, స్టాండు మోయడానికి. సిమెంటు ఇటుకలు, రాళ్లు పెట్టి కింద పడుకునే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఇటుక ఒరిగేముందు చెప్పదు, ఒక్కసారిగా పొడైపోతుంది. దయచేసి ఆ పని చేయకండి, చేస్తున్నవాళ్లని ఆపండి.

గుంత తవ్వించుకుందామన్న కోరిక చాలామందికి ఉంటుంది. కాలువల పక్కన, కృష్ణ దగ్గర భూగర్భ జలం పైనే ఉండే చోట ఆ గుంత వానాకాలంలో బావి అవుతుంది. నీరు రాని చోట కూడా ఇబ్బందే. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి గుంతలోకి దిగి అక్కడే నిలుస్తుంది. ఒక్క బల్బు నిప్పురవ్వ చాలు. నా సలహా, గుంత వద్దు, నాలుగు మంచి స్టాండ్లు కొనండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చింది. ఆ తర్వాత ఈ ఊళ్లో గ్యారేజీ కట్టేవాళ్లు ఎవరూ నీళ్లని లెక్కలోకి తీసుకోకుండా ఉండకూడదు. నేలని రోడ్డు కన్నా ఎత్తులో ఉంచాలి. ప్లగ్ పాయింట్లు, కంప్రెసర్ స్విచ్చి నాలుగు అడుగుల పైనే పెట్టించాలి. ఇంజిన్ భాగాలు, కార్బురేటర్, వైరింగ్, కాగితాలు పై అరల్లోనే ఉండాలి. నీటిలో మునిగిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి చూద్దాం అనుకోవద్దు. సిలిండర్‌లో నీరుంటే అది నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌తో చేయించాల్సిందే. ఇంటి లోపలి లైన్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగి వెల్డింగ్ మిషన్ నడపడం వద్దు. గ్యారేజీకి మెయిన్ నుంచి విడి లైను, విడి ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తింగ్ ఉండాలి. తడి నేల మీద చెప్పులతో నిలబడి గ్రైండర్ పట్టుకునే మనిషి ప్రాణం ఆ ఆర్‌సీసీబీ చేతిలోనే ఉంటుంది. చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషనూ, 2 హెచ్‌పీ కంప్రెసరూ ఒకేసారి నడిస్తే ఇంటి శాంక్షన్డ్ లోడ్ దాటొచ్చు. ముందే డిస్కమ్‌కి దరఖాస్తు చేసి లోడ్ పెంచుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. గ్రైండర్ దాన్ని తేలిగ్గా దాటుతుంది కాబట్టి ఆ పనికి పక్కింటివాళ్లతో మాట్లాడి పగటి వేళ పెట్టుకోండి.

రేకుల షెడ్డు ఏప్రిల్, మే నెలల్లో నిప్పుల కొలిమి. పైన తెల్లటి కూల్ పెయింట్, ఎదురెదురుగా కిటికీలు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే కొంత నయం. వేడి ఒక్కటే కాదు, మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పిగా మొదలై మనిషిని పడేస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు షట్టర్ పూర్తిగా పైకి లేపండి. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీసేయడం, పెట్రోలు ట్యాంకు బండి నుంచి దింపి దూరంగా పెట్టడం, పక్కన డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకోవడం, ఇవి ఎవరి కోసమూ వాయిదా వేయకూడనివి.

రంగు మాత్రం ఇంట్లో వద్దంటాను. గీకడం, తుప్పు తీయడం, ప్రైమర్, పుట్టీ మీరే చేసుకోండి. వానాకాలంలో బయటపడ్డ ఇనుముకి రాత్రికి రాత్రే ఎర్రటి తుప్పు పూత వస్తుంది కాబట్టి గీకిన రోజే ప్రైమర్ వేయాలి. చివరి పీయూ (పాలీయురేథేన్) పెయింట్ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు, ఊపిరితిత్తులు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాయి. పెయింట్ బూత్ ఉన్న వర్క్‌షాపుకి తీసుకెళ్లడమే సరి. క్రాంక్ గ్రైండింగ్, సిలిండర్ బోరింగ్ కూడా అంతే, అవి లేత్ పనివాళ్ల విద్య. సొంతంగా కట్టడమంటే ప్రతి పనీ తానే చేయడం కాదు, ఏ పని ఎవరి చేతికివ్వాలో తెలియడం కూడా.

ఇవన్నీ సిద్ధమయ్యాక కారు కోసం వెతకండి. పాత ఏపీ 16, ఏపీ 07 నంబర్ల బండ్లు చూసేటప్పుడు పరివాహన్ పోర్టల్‌లో ఫైనాన్స్ బాకీ, చలాన్లు, బ్లాక్‌లిస్ట్ ఉన్నాయేమో చూసుకోవాలి. జీపులు, అంబాసిడర్లు చాలా వరకు ట్యాక్సీలుగా తిరిగినవే, ఆర్సీలో ఇంకా ట్రాన్స్‌పోర్ట్ అని ఉంటే సొంత వాహనంగా మార్పించుకోవడం విడి పని. అన్నిటికీ మించి ఆర్సీ గడువు తేదీ. సొంత కారు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత రెన్యువల్ 5 ఏళ్ల చొప్పున. 15 ఏళ్లు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఆలస్యమైతే నెలకి 500 అదనం. దరఖాస్తు గడువుకి 60 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు, కానీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబడాలి. అక్కడికి ఛాసిస్ ఒక చోట, తలుపులు ఇంకో చోట ఉన్న బండిని తీసుకెళ్లలేరు. గడువు దగ్గరపడ్డ కారు కొంటే, నడిచే స్థితిలో ఉండగానే ముందు రెన్యువల్ చేయించేయండి. పానా చేతిలోకి తీసుకునేది ఆ తర్వాతే.